నాలుగు గోల్స్ తిన్నాం సరే, తప్పంతా వెనకాల ఉన్న నలుగురిదేనా?



పోయిన వారం విజయవాడలో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు 4-1తో ఓడిపోయింది. ఓటమి కంటే ఆ రాత్రి హాస్టల్లో విన్న మాటలే ఎక్కువ బాధపెట్టాయి. "వాళ్ళకి కాళ్ళల్లో బలం ఉంది గానీ ఆట తెలివి లేదు" అన్నారు. వాళ్ళు అంటే ఎవరో మీకు చెప్పక్కర్లేదు. మా బ్యాక్ లైన్‌లో నలుగురుంటే ముగ్గురు మనవాళ్ళే. స్టాపర్ చింతూరు వైపు కోయ తమ్ముడు. రైట్ బ్యాక్ ఎ.కొండూరు దగ్గర తండా అబ్బాయి. లెఫ్ట్ బ్యాక్ దివిసీమ నుంచి వచ్చిన యానాది కుర్రాడు. సెలక్షన్ రోజే "మీరు గట్టిగా ఉంటారు, వెనక నిలబడండి" అన్నారు. ముందు ఆడతావా అని ఒక్కర్ని కూడా అడగలేదు.

నేనూ బ్యాక్‌నే. మోకాలు వాచి ఆ రోజు బెంచ్ మీద ఉండిపోయాను. చేతిలో నోట్‌బుక్ ఉంది కాబట్టి ఒక్కో గోల్ ఎలా పడిందో రాసుకున్నా. కోపం పక్కన పెట్టి ఆ లెక్క చూద్దాం.

మొదటి గోల్ కార్నర్ నుంచి. బంతి అవతలి పోస్ట్ దాకా పోయింది. అక్కడ వాళ్ళ పొడుగు అబ్బాయి ఒంటరిగా నిలబడి తలతో కొట్టాడు. అతన్ని ఎవరు పట్టుకోవాలో ముందే ఎవరూ అనుకోలేదు.

రెండోది ఆఫ్‌సైడ్ దగ్గర. మనవైపు ముగ్గురు ముందుకు జరిగారు, ఒకడు వెనకే ఉండిపోయాడు. అలా ఒక్కడు మిగిలితే చాలు, అవతలి ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్ కాడు. నలుగురూ ఒకే మాటకి కదిలితేనే లైన్. ఆ మాట ఎవరి నోటా రాలేదు.

మూడోది మన కార్నర్ పోయాక. దాదాపు అందరూ పైకి వెళ్ళారు. బంతి పోగానే మిడ్‌ఫీల్డ్ వాళ్ళు నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. ఇద్దరు బ్యాక్‌ల మీదికి నలుగురు వచ్చిపడ్డారు.

నాలుగోది ఆఖరి ఐదు నిమిషాల్లో. డెల్టా ఉక్క మీకు తెలుసు, సాయంత్రమైనా చెమట ఆరదు. కాళ్ళు పట్టేసినా మార్చడానికి బెంచ్ మీద ఇంకో బ్యాక్ లేడు. నేనున్నా గానీ నిలబడలేను.

ఈ నాలుగింట్లో మన కుర్రాడు ఒక్కడికొక్కడుగా ఓడిపోయి ఇచ్చిన గోల్ ఒక్కటీ లేదు. లేనిది తెలివి కాదు, మాట.

స్టాపర్‌కి గ్రౌండంతా ఎదురుగా కనిపిస్తుంది. ఎవడు ఖాళీగా ఉన్నాడో ముందు చూసేది అతనే, అరిచి చెప్పాల్సింది కూడా అతనే. మా తమ్ముడు చూశాడు. మొదటి కార్నర్ అప్పుడు ఆ పొడుగు అబ్బాయిని చేత్తో చూపించాడు కూడా. నోరు మాత్రం తెరవలేదు. ఫస్టియర్‌లో మెస్‌లో మాట్లాడితే అతని యాసని వెక్కిరించేవాళ్ళు. గ్రౌండ్‌లో అరిస్తే సొంత జట్టువాళ్ళే నవ్వారు. అప్పట్నుంచి సైగలతోనే ఆడుతున్నాడు. మూడేళ్ళు ఒకడి నోరు నొక్కేసి, ఓడిపోయాక "ఎందుకు అరవలేదు" అంటే ఏం న్యాయం?

'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి హైదరాబాద్ రహీం సాబ్ తెలిసే ఉంటారు. వృత్తికి టీచర్. ఆయన కోచ్‌గా ఉన్న ఇండియా జట్టు 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఆ చలిలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. "మనవాళ్ళ ఒళ్ళే అంత" అని ఊరుకోలేదు. బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఆడే పద్ధతి మారింది. 1956 మెల్‌బోర్న్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళి, అదే యుగోస్లావియాతో 4-1తో ఓడి, నాలుగో స్థానంలో నిలిచారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి బంగారు పతకం తెచ్చారు. ఓటమి తర్వాత మనుషుల్ని తిట్టడం ఒక దారి, పనిని సరిచెయ్యడం ఇంకో దారి.

నోట్‌బుక్ తీసుకెళ్ళి పీడీ సార్‌కి చూపించాం. ఆయన రెండుసార్లు చదివారు. ఇప్పుడు కార్నర్‌కి ముందు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో పేరు పెట్టి చెప్పుకుంటున్నాం. బంతి పోతే మిడ్‌ఫీల్డ్ వాళ్ళు పరిగెత్తుకునే వెనక్కి రావాలి. లైన్ కదిలించే మాట స్టాపర్‌దే. "నీ భాషలోనే చెప్పరా" అన్నాం. అతను ఒక చిన్న కోయ మాట ఎంచుకున్నాడు. మొదటి రోజు ఒకరిద్దరు నవ్వారు, మూడో రోజుకి గోల్‌కీపర్ కూడా అదే అరుస్తున్నాడు. ఆ మాటేంటో ఇక్కడ రాయను. వచ్చే నెల మళ్ళీ మ్యాచ్ ఉంది, అవతలివాళ్ళు కూడా ఫోన్లు చూస్తారు కదా.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ కాలేజీలో బలం చూసి మిమ్మల్ని వెనక్కి పంపితే, ముందు కూడా ఆడి చూపిస్తామని అడగండి. వెనకే ఆడాలని మీకే ఇష్టమైతే సంతోషంగా ఆడండి. కానీ నోరు మూసుకుని ఆడకండి. ఎవడు నవ్వినా సరే, గట్టిగా అరవండి.