గుండె దడకి టీబీ పరీక్ష ఎందుకు?

సర్వర్ మాటిమాటికీ పడిపోతుంటే రీస్టార్ట్ చేసేవాళ్ళే ఎక్కువ, లాగ్ తెరిచి చూసేవాళ్ళు తక్కువ. గుండె లయ తప్పినప్పుడు కూడా అంతేనేమో అనిపిస్తోంది నాకు.

మాది ఎల్లారెడ్డి. మా మేనమామకి షుగర్ లేదు, బీపీ లేదు. అయినా ఏడాదిగా ఉన్నట్టుండి దడ, కళ్ళు తిరగడం. కామారెడ్డిలో ఈసీజీ తీస్తే గుండె కింది గదుల నుంచి అదనపు దెబ్బలు పడుతున్నాయన్నారు. యాంజియో చేస్తే రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. లయని అదుపు చేసే గోలీలకి తగ్గలేదు. చివరికి హైదరాబాదులో పెట్ స్కాన్ తీస్తే తేలింది, గుండె కండరంలో వాపు.

ఇదేం మరీ వింత కాదట. అమెరికాలో మన డాక్టర్ ధనుంజయ లక్కిరెడ్డి బృందం 2019లో మావెరిక్ రిజిస్ట్రీ ఫలితాలు ప్రచురించింది. రోజుకి 5000కి పైగా అదనపు దెబ్బలు పడుతున్న 107 మందికి స్కాన్ తీస్తే, దాదాపు సగం మందిలో వాపు ఉంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులిస్తే వాళ్ళలో ఎక్కువమందికి దెబ్బలు తగ్గాయి.

మరింకేం, స్టెరాయిడ్ మొదలుపెట్టెయ్యొచ్చుగా అంటారా? అక్కడే ఉంది మెలిక. స్కాన్‌లో సార్కాయిడోసిస్, టీబీ ఒకేలా వెలుగుతాయి. ఇలా లయ తప్పినవాళ్ళలో కొందరికి అసలు కారణం టీబీ అని హైదరాబాదు కేర్ డాక్టర్లు 2011లోనే రాశారు. టీబీ ఉన్నవాళ్ళకి టీబీ మందుల్లేకుండా స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. అందుకే ఛాతీలో వాచిన గ్రంథి నుంచి ముక్క తీసి, టీబీ కాదని తేల్చుకున్నాకే మామకి స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ రాశారు.

ఇప్పుడు దడ తగ్గింది. ఆ తగ్గడమే కొత్త తలనొప్పి. "మంచిగనే ఉన్న గద అల్లుడా, ఇంక గోలీలెందుకు? మొఖమంత ఉబ్బుతుంది" అంటాడు. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది, డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, పొరపాటున రోజూ వేసుకుంటే విషమే. ఈ రెండు ముక్కలూ తెలుగులో పెద్దక్షరాలతో రాసి అత్తమ్మకిచ్చాను.

ఊళ్ళో అమ్మానాన్నలకి డబ్బులు అందరం పంపుతాం. దాంతో పాటు రెండు ప్రశ్నలు కూడా డాక్టరుని అడగండి. ఈ దడ ఎందుకొస్తోంది? స్టెరాయిడ్ ఇచ్చేముందు టీబీ కాదని తేల్చారా?