కాలేయంలో ఒక్క గంధకం

అనంతగిరి అనగానే మీకేం గుర్తొస్తుంది? పద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు, ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చే కార్ల బారు. నాకు మాత్రం వికారాబాద్ పక్కన, ఆ చెట్ల మధ్యనున్న నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రే ముందు గుర్తొస్తుంది. మందుల్లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, కడుపునిండా తిండి, అంతే వైద్యం. 1952లో ఐసోనియాజిడ్ అనే క్షయ మందు వచ్చాక రోజులు మారాయి.

ఆ గోళీ ఒకరి రక్తంలో గంటా గంటన్నరకే సగమైపోతుంది, ఇంకొకరిలో మూడు నాలుగు గంటలుంటుంది. కాలేయంలో ఎన్-ఎసిటైల్‌ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ దానికి ఎసిటైల్ ముక్క తగిలించి, పనిచేయకుండా చేస్తుంది. ఆ పని కొందరిలో చురుగ్గా, కొందరిలో నిదానంగా జరుగుతుంది. దక్షిణాదిలో సగానికి పైగా నిదానం వాళ్లే. మద్రాసులో 1956లో పెట్టిన క్షయ చికిత్సా కేంద్రం దీన్ని రోగుల మీదే గమనించింది: వారానికొక్కసారి మందిచ్చినప్పుడు, చురుకు రకం వాళ్లకు గుణం తక్కువగా కనిపించింది.

మరి దాదాపు 290 అమైనో ఆమ్లాల ఆ ఎంజైమ్‌లో పని జరిగే చోటేది? 1988లో అమెరికాలో వెబర్ అనే శాస్త్రవేత్త బృందం కుందేలు కాలేయంలోంచి దాన్ని వేరుచేసి, అయొడోఎసిటిక్ ఆమ్లం కలిపింది. అది సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకానికి అతుక్కుపోతుంది. అతుక్కున్న చోటు తెలియాలని ఆ ఆమ్లంలో రేడియోధార్మిక హైడ్రోజన్ పెట్టారు. ఎంజైమ్ చచ్చుబడింది. ఇంతవరకే అయితే నేను నమ్మను. ఎక్కడో అతుక్కుని ఆకారం చెడగొట్టి ఉండొచ్చు కదా! అందుకే ముందుగా, ఎసిటైల్ ముక్కను మోసుకొచ్చే ఎసిటైల్ కోఎంజైమ్-ఎ కలిపి, తర్వాత ఆమ్లం పోశారు. ఈసారి ఆమ్లం అతుక్కోలేదు. తాండూరు బస్సు కిటికీలోంచి ముందే రుమాలు వేసినట్టు, ఆ సీటు ఎసిటైల్‌కు దక్కింది. ఎసిటైల్‌ను అందుకుని మందుకు అందించేది ఆ ఒక్క సిస్టీన్ గంధకమేనని తేలింది. ఎంత ఓపికైన ఆలోచన అది!

మన ఎంజైమ్‌లో అది 68వ స్థానంలో ఉంది. నిదానం వాళ్లలో అదేమీ పాడవదు. ఇంకెక్కడో ఒక అమైనో ఆమ్లం మారి, ప్రొటీన్‌కే నిలకడ తప్పి, కాలేయంలో తక్కువ మిగులుతుంది. మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండి వేళ్లు తిమ్మిరెక్కే ముప్పు వీళ్లకే ఎక్కువ. ఐసోనియాజిడ్‌తో పాటు బి6 గోళీ కూడా రాసేది అందుకే.