నీలం చుక్కలు

అస్సాంలో పనిచేసిన రోజుల్లో మా తెలుగు తరగతికి వేరే గది లేదు. వారానికి రెండు రోజులు, ఆఖరి పీరియడ్‌లో, బయాలజీ ల్యాబే మా తరగతి. మేము మొత్తం ఏడుగురం: ఆరుగురు పిల్లలు, ఒక టీచరు.

అక్కడ గోడ మీద ఒక ఫొటో ఉండేది. నల్లటి చీకట్లో నీలంగా వెలిగే గుండ్రటి చుక్కలు. దీపావళి రాత్రి అనుకున్నాం. "కాదండీ, అవి జీవకణాల కేంద్రకాలు. డాపి అనే రంగు వేసి తీశారు" అన్నారు బయాలజీ మేడం.

ఆమె మాకు దాని కథ చెప్పారు. 1971లో జర్మనీలో, ఓటో డాన్ ప్రయోగశాలలో ఈ పదార్థం తయారైంది. వాళ్లు వెతికింది రంగు కోసం కాదు, ట్రిపనోసోమా అనే పరాన్నజీవి తెచ్చే జబ్బుకు మందు కోసం. మందుగా అది నిలవలేదు. కానీ డీఎన్ఏను గట్టిగా పట్టుకునేది. డీఎన్ఏ మెలికల మధ్య ఒక సన్నని గాడి ఉంటుంది. అందులో అడెనిన్, థైమిన్ జంటలు ఎక్కువగా ఉన్నచోట అది కుదురుకుంటుంది. నీళ్లలో ఒంటరిగా ఉంటే, అతినీలలోహిత కాంతి పడినా అంతంతమాత్రంగానే వెలుగుతుంది. ఆ గాడిలో చేరాక వెలుగు సుమారు 20 రెట్లు పెరుగుతుంది. అయితే ఎక్కువసేపు కాంతి కింద ఉంచితే వెలిసిపోతుంది. అందుకే ఫొటో తీయగానే కాంతిని ఆపేస్తారు.

ఆ మాటకు మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఏడో తరగతి అబ్బాయి మాత్రం తల ఎత్తలేదు. మాది అతనికి నాలుగో బడి. వచ్చిన రోజే బోర్డు దగ్గర నిలబెట్టి, "నీ గురించి తెలుగులో చెప్పు" అన్నాం. నోరు పెగల్లేదు. మాలో కొందరు నవ్వారు. ఆ తర్వాత రెండు నెలలు అతను మాతో మాట్లాడలేదు. అతని బెరుకు పోగొడుతున్నామనే అనుకున్నాం.

ఆ రోజు నుంచి అతన్ని ఏమీ అడగలేదు. బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చాం. పక్కనున్న అమ్మాయి తన పుస్తకం ఇద్దరికీ మధ్యలో పెట్టేది. దసరా సెలవుల తర్వాత ఒకరోజు, ఎవరూ అడక్కుండానే, వాళ్ల అమ్మమ్మ ఉలవచారు ఎలా కాస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. బడి గంట కొట్టినా ఆపలేదు. మేమూ లేవలేదు.

ఏప్రిల్లో మాలో ముగ్గురికి బదిలీ అయింది. ఆ ముగ్గురిలో అతనూ ఉన్నాడు, టీచరూ ఉంది.

పిల్లలూ, ఈ ఏడాదీ మీలో కొందరు కొత్త బడికి వెళ్తారు. మొదట్లో మసగ్గా ఉన్నామని దిగులు పడకండి. మీ తరగతికే ఎవరైనా కొత్తగా వస్తే, ప్రశ్నలు తర్వాత వేయొచ్చు. ముందు కాస్త జరిగి కూర్చోండి.