రేడియం షాపు డైరీ

జనవరి 6, 2025, సోమవారం, తెనాలి

పండగ గిరాకీ మొదలైంది. రెండు ఆటోలకు ‘అమ్మానాన్నల దీవెన’, ఒక బుల్లెట్ ట్యాంకుకు హీరో బొమ్మ. ఇంకో కుర్రాడు ‘ప్రెస్’ అని కొట్టమన్నాడు. ఏ పత్రికయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు. రేపు రమ్మన్నాను. రేపు కూడా అదే మాట చెబుతాను.

నంబర్ల బేరం మాత్రం చచ్చిపోయింది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండి ఏదైనా హై సెక్యూరిటీ ప్లేటుతోనే రోడ్డెక్కాలి. అల్యూమినియం రేకు మీద ఉబ్బెత్తు అక్షరాలు, ఎడమ మూల అశోక చక్రం హోలోగ్రాం, దాని కింద లేజరుతో చెక్కిన అంకెల వరస. బిగించేది కూడా స్నాప్ లాక్‌తో, ఊడదీస్తే విరిగిపోవాల్సిందే. నిబంధన పుట్టింది 2001లో. కోర్టులూ టెండర్లూ దాటుకుని జనం దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఈలోగా మాలాంటివాళ్లం బతికాం. 8055 నంబరును ‘బాస్’ అని చదివేట్టు వంపులు తిప్పి రాయమనేవాళ్లు. అలా రాయడం తప్పేనని మాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. కూడితే తొమ్మిది వచ్చే నంబరు కోసం వేలం పాడి తెచ్చుకున్నవాడు, దాన్ని ఎవరూ చదవలేకుండా రాయించుకోవడం మాత్రం నాకెప్పుడూ అంతుపట్టలేదు.

జనవరి 9, గురువారం, బాపట్ల

కాలేజీ బస్సుకు వెనకవైపు ఎర్ర రేడియం పట్టీలు వేయడానికొచ్చాను. రేకు మీద జిడ్డు పోయేదాకా థిన్నర్‌తో తుడవాలి, లేకపోతే నెల తిరక్కుండానే అంచులు లేస్తాయి. మధ్యాహ్నం దాకా అదే పని.

సూర్యలంక రోడ్డు మీద బళ్లు ఆపుతున్నారు. ఇదివరకు ఇలాంటిచోట సీటు కింది ప్లాస్టిక్ కవర్లోంచి మడతలు చిరిగిన సీ బుక్కు బయటికొచ్చేది. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే. డిజిలాకర్లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపిస్తే అసలు కాగితంతో సమానమని కేంద్రం 2018లోనే చెప్పింది. 2023లో మన రవాణా శాఖ ప్లాస్టిక్ కార్డులు కూడా ఆపేసింది. చదువుకున్న పిల్లలు ఒక్క వేలితో చూపించి వెళ్లిపోతున్నారు. నా ముందున్న చేపల బండి ఆయనకు మాత్రం ఓటీపీ రావడం లేదు. ఆధార్‌కిచ్చిన నంబరు కొడుకు దగ్గరుంది, కొడుకేమో వేటకెళ్లాడు. కానిస్టేబులు మంచివాడు. వంగి ప్లేటు మీది నంబరు తన ఫోన్లో కొట్టుకున్నాడు, వివరాలన్నీ వచ్చాయి, పొమ్మన్నాడు. కాగితం లేకపోయినా, ఫోను పలక్కపోయినా, రేకు మీది నంబరే ఆయన్ని ఇంటికి చేర్చింది.

ఇక్కడ ఆగిన బళ్లమీద గుంటూరు 07 ఉంది, ప్రకాశం 27 ఉంది, 39 ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లా పుట్టినప్పుడు బాపట్ల, రేపల్లె గుంటూరు నుంచి వచ్చాయి, చీరాల ప్రకాశం నుంచి వచ్చింది. 39 అంటే 2019 నుంచి రాష్ట్రం మొత్తానికీ ఒకటే. తెనాలి బండో రేపల్లె బండో ఇక ప్లేటు చూసి చెప్పలేం. కొత్త ఊళ్లో ‘మనోళ్ల బండిరా’ అనుకునే అవకాశం పోయింది, అంతే నష్టం.

జనవరి 12, ఆదివారం, తెనాలి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి మేనల్లుడు దిగాడు. వస్తూనే, “మావయ్యా, నీ వ్యాపారానికి గండం చూపిస్తా” అని ఫోన్లో తన కారు ఫొటో చూపించాడు. వెనక నంబరు ప్లేటు లేదు, దాని స్థానంలో ఒక తెర. ఈ-పుస్తకాల్లో ఉంటుందే, ఆ రకం తెరట. ఎండలో కూడా బాగా కనిపిస్తుందన్నాడు.

కాలిఫోర్నియాలో ఏటా రిజిస్ట్రేషన్ కట్టి, ఆ సంవత్సరం స్టిక్కరు ప్లేటు మూలన అంటించాలి. దాన్ని ఒలుచుకుపోయే దొంగలుంటారు కాబట్టి అంటించాక బ్లేడుతో అడ్డంగా గాట్లు పెట్టేవాళ్లూ ఉన్నారట. తెర ప్లేటయితే డబ్బు కట్టగానే సంవత్సరం దానంతటదే మారుతుంది. కారు పోతే ‘దొంగిలించబడింది’ అని చూపిస్తుంది. 2013లో అక్కడ చట్టం చేసి, ముందు కొద్ది బళ్లమీదే పరీక్షించి చూశారు. రివైవర్ అనే కంపెనీ ప్లేట్లు 2018లో రోడ్డెక్కాయి. 2022లో ఇంకో చట్టంతో కావలసినవాళ్లందరికీ అనుమతిచ్చారు. ఇదంతా వాడు చెప్పిందే.

అసలు మాట చివర్లో అన్నాడు. ఆ పరీక్షలోనే, ముందు బంపరు మీద రేకు బదులు స్టిక్కరు నంబరు కూడా పెట్టి చూశారట, దానికీ అనుమతి వచ్చిందట. నేను మోపెడ్ మడ్‌గార్డుల మీద అంటించిందీ అదేగా! అమెరికా వాడికది ఆవిష్కరణ, నాకేమో చలాన్.

మంచి మాటలయ్యాక చెడ్డ మాట అడిగాను. కిందటి నెల్లోనే ఒక భద్రతా పరిశోధకుడు ఆ ప్లేటుకు తీగ తగిలించి, లోపలి సాఫ్ట్‌వేర్ మార్చి, తెర మీద ఏ నంబరు కావాలంటే అది చూపించాడని ఒప్పుకున్నాడు. మనవాళ్లకు అంత చదువు అక్కర్లేదు. నల్ల టేపు ముక్కతో 3ను 8 చేస్తారు. కెమెరా కన్నుగప్పడానికి నిమ్మకాయలు, మిరపకాయలు దండకట్టి సరిగ్గా నంబరు మీదికే వేలాడదీస్తారు.

జనవరి 14, మంగళవారం

పండగ. షాపు తీయలేదు. బండికి పసుపు బొట్లు పెడుతూ మా ఆవిడ రెండంకెలు మూసేసింది. తుడవబోతే కసిరింది.

జనవరి 17, శుక్రవారం, రేపల్లె

మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ప్యాసింజరులో వచ్చాను. భట్టిప్రోలు దాటేదాకా వాడు కాజా టోల్‌గేటు గురించే చెప్పాడు. ఫాస్టాగ్‌కు బ్యాటరీ లేదు, రీడరు పంపే తరంగంతోనే బతుకుతుంది, 2021 నుంచి కార్లకూ లారీలకూ తప్పనిసరి చేశారు కాబట్టి మీకు ఎలక్ట్రానిక్ ప్లేటు వచ్చేసినట్టే అని వాడి వాదం. మోటారు సైకిళ్లకు అదీ లేదన్నాను.

స్టేషను బయట ఒక కారు సైకిలు తాతను తోసేసి ఆగకుండా పోయింది. తాతకు మోచెయ్యి గీరుకుపోయింది, ఎముకలు బాగానే ఉన్నాయి. అరటిపళ్లామె వెంటనే చివరి నాలుగంకెలు చెప్పేసింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు, అంకెలు వస్తాయి. మధ్య అక్షరాలు లేకపోతే ఆ నంబరుతో రాష్ట్రంలో ఎన్నో బళ్లుంటాయి. అవి డిగ్రీ చదివే అమ్మాయి చూసింది, అరచేతిలో పెన్నుతో రాసుకుంది కూడా. పోలీసాయన రెండూ కలిపి ఫోన్లో కొట్టాడు. మాలాంటివాళ్లం వెతికితే యాప్‌లో యజమాని పేరు సగం చుక్కలే కనిపిస్తాయి. ఆయనకు పూర్తిగా వచ్చి ఉంటుంది, అక్కడికక్కడే ఎవరికో ఫోను చేశాడు.

మేనల్లుడితో అన్నాను: ఫాస్టాగ్‌ను టోల్‌గేటు చదువుతుంది, డిజిలాకరును బండి యజమాని తెరిస్తేనే తెరుచుకుంటుంది. అరటిపళ్లామె చదవగలిగింది ప్లేటొక్కటే. ఎన్ని చిప్పులు పెట్టినా సరే, ఆమె కంటికి ఆనని నంబరు నంబరే కాదు. వాడు, తెర ప్లేటులో కూడా అంకెలు అంతే సైజులో ఉంటాయి కదా అన్నాడు. నిజమే. తెర పాడవనంతవరకూ.

జనవరి 20, సోమవారం, తెనాలి

వేమూరు రైతు ఒకాయన వచ్చాడు. ట్రాక్టరుకు తగిలించి ధాన్యం తోలే ట్రక్కుకు వెనక నంబరు లేదట. ఈ దారిన తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి ఉండదు, రాత్రిపూట వెనకనుంచి గుద్దుకుంటే ఎవరి ట్రక్కో తెలియదు. ట్రాక్టరుకు వేరే, ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుందని, ప్లేటు ఆ లెక్కనే తెచ్చుకోవాలని చెప్పి కాగితం రాసిచ్చాను. రేడియం పట్టీలు మాత్రం ఇప్పుడే వేయించుకుని పొమ్మన్నాను. “ప్లేటొచ్చాక వేయించుకోనా అన్నా?” అన్నాడు. ముందు పట్టీలు, తర్వాతే ప్లేటు అన్నాను. బేరమాడి యాభై తగ్గించాడు.