కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల: బాలల కేసులు నడిచే దారి

పద్దెనిమిదేళ్లు నిండనివారి మీద నేరారోపణ వస్తే ఆ కేసు మామూలు క్రిమినల్ కోర్టుకు వెళ్లదు. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న బాల న్యాయ చట్టం ప్రకారం దాన్ని జువెనైల్ జస్టిస్ బోర్డు విచారిస్తుంది. ప్రతి జిల్లాకూ కనీసం ఒక బోర్డు ఉండాలన్నది చట్టం. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ నుంచి వేరుపడి జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని పట్టణం. ఈ మూడు ఊళ్లు చూస్తూ పోతే చట్టం నిబంధనలతో పాటు అవి ఎవరి బతుకులను తాకుతాయో కూడా అర్థమవుతుంది.

కేసుకు తొలి మెట్టు పోలీస్ స్టేషన్. కోరుట్లలోనైనా మరెక్కడైనా ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై లేదా అంతకు పైస్థాయి అధికారి ఒకరు బాలల సంక్షేమ బాధ్యత చూడాలి. పట్టుకున్న బాలుడిని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులకూ ప్రొబేషన్ అధికారికీ వెంటనే కబురు అందాలి.

తర్వాత తేలాల్సింది వయసు. బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో మొదటి ఆధారం. అవి లేకుంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూస్తారు. అదీ లేనప్పుడే వైద్య పరీక్ష. నేరం జరిగిన నాటి వయసే లెక్క. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా అది నేరం కాదు.

బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. వారిలో ఒకరైనా మహిళ కావాలి. బెయిలు ఇవ్వడమే ఇక్కడ నియమం. విడుదలైతే నేరగాళ్ల చేతిలో పడతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో నమ్మడానికి కారణాలుంటేనే నిరాకరించాలి. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ఎంతోమంది తండ్రులు గల్ఫ్‌లో పనిచేస్తుంటారు, తల్లులు బీడీలు చుడుతూ ఇల్లు నడుపుతుంటారు. తండ్రి దుబాయిలో ఉన్నాడన్నది బెయిలుకు అడ్డు కారాదు. తగిన వ్యక్తి సంరక్షణలో లేదా ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో బాలుడిని ఉంచే వీలు చట్టంలోనే ఉంది.

ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. కేసు గుండెకాయ ఇదే. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద బతికే ఇంట్లో పని తగ్గితే పిల్లవాడి చదువు ఆగిందా, ఎవరి సావాసంలో పడ్డాడు, ఇంట్లో ఎవరు పట్టించుకుంటున్నారు అన్నవన్నీ అందులో రావాలి. ఇల్లు చూడకుండా నింపిన నివేదిక బోర్డును గుడ్డిదాన్ని చేస్తుంది.

విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, అవసరమైతే మరో రెండు నెలలు. నేరం రుజువైతే మందలించి ఇంటికి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, ప్రొబేషన్, గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచడం బోర్డు ఇవ్వగల ఉత్తర్వులు.

16 ఏళ్లు నిండినవారిపై, కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న ఘోర నేరం ఆరోపణ ఉంటే బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది. ఆ పని చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానం తెలిసే తెలివి ఉన్నాయా అన్నదే ప్రశ్న. అవసరమనుకుంటే కేసును బాలల కోర్టుకు పంపుతుంది. అక్కడ శిక్ష పడినా 21 ఏళ్లు వచ్చేదాకా జైలు లేదు. మరణశిక్ష గానీ, విడుదలకు వీల్లేని యావజ్జీవం గానీ వేయకూడదు.

బాధితుల గోడు ఇందులో మరుగున పడకూడదు. 2022 జనవరి 30న కరీంనగర్‌లో ఓ బాలుడు నడిపిన కారు రోడ్డు పక్కనున్న వారి మీదికి దూసుకెళ్లి నలుగురు మహిళలు చనిపోయారు. తండ్రి మీదా కేసు పెట్టారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఇలాంటి నేరానికి సంరక్షకుడికి లేదా వాహన యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా విధిస్తుంది. పిల్లవాడి చేతికి తాళాలిచ్చిన పెద్దలూ జవాబు చెప్పాల్సిందే.

బాలుడి పేరు, ఫొటో, బడి, ఊరు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పెద్దవారిగా విచారణ ఎదుర్కొన్నవారికి తప్ప, మిగతావారికి ఆ నేరం వల్ల ఏ అనర్హతా అంటదు. దిద్దుకునే వయసులో ఉన్నవాడికి దారి మూయకూడదన్నదే దీని సారం. కనుక ఊళ్లో ఇలాంటి కేసు వస్తే ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పిల్లవాడి చదువు కాగితాలు వెదికి, ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవమని ఆ ఇంటివారికి చెప్పండి.