పొట్టివాడు పట్టుబట్టాడు... బడి గెలిచింది!

అమెరికాలో టైర్ల ఊరేదంటే ఒకప్పుడు అందరూ చెప్పే పేరు ఏక్రన్. అక్కడి ఓ క్యాథలిక్ హైస్కూలు జిమ్‌కి ఇప్పుడు బాస్కెట్‌బాల్ దిగ్గజం లెబ్రాన్ జేమ్స్ పేరుంది. అతణ్ని ఆ బడిదాకా నడిపించింది మాత్రం ఓ పొట్టి స్నేహితుడి పంతం!

ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌ల్యాండ్‌కు దక్షిణాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఏక్రన్. ఆ పేరు పుట్టింది ‘ఎత్తైన చోటు’ అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి. ఈరీ సరస్సునీ ఒహాయో నదినీ కలిపే కాలువ కోసం 1820ల్లో ఇక్కడికి ఎందరో ఐరిష్ కూలీలు వచ్చారు. వాళ్లతోపాటే క్యాథలిక్ చర్చీ వచ్చింది. చర్చిల వెంట బడులు వెలిశాయి. ఆ తర్వాత గుడ్‌రిచ్, గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ కంపెనీలతో ఊరు ‘రబ్బరు రాజధాని’ అయింది.

1972లో ఇక్కడి సెయింట్ విన్సెంట్, సెయింట్ మేరీ హైస్కూళ్లు ఒక్కటయ్యాయి. కలిసిన బడి జట్లకు పేరు ‘ఫైటింగ్ ఐరిష్’. జెర్సీ రంగు ఆకుపచ్చ.

ఒకే మాట... ఒకే బడి

ఆ బడి ఉన్న మేపుల్ స్ట్రీట్‌లోనే సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చిన్న హాలుంది. లినోలియం పరిచిన ఆ నేలమీదే లెబ్రాన్, డ్రూ జాయిస్, సయాన్ కాటన్, విల్లీ మెక్‌గీ ఆట నేర్చారు. డ్రూ తండ్రే వాళ్ల గురువు. హైస్కూలుకు వెళ్తే నలుగురం ఒకే చోటికి... అని మాట అనుకున్నారు.

నల్లజాతి పిల్లలు ఎక్కువగా చదివే బక్టెల్ ప్రభుత్వ హైస్కూలుకే వెళ్తారని ఊరంతా అనుకుంది. కానీ డ్రూకి అనుమానం. అందరికన్నా పొట్టివాడు మరి. అక్కడ తనను పక్కన కూర్చోబెడితే? ఆదివారాలు శిక్షణ ఇచ్చే కీత్ డాంబ్రోట్ మాత్రం అతని ఎత్తు కాదు, ఆట చూశాడు. ఆయన సెయింట్ విన్సెంట్-సెయింట్ మేరీలో కోచ్. డ్రూ అటే అన్నాడు. మిగతా ముగ్గురూ మాట తప్పలేదు.

1999లో చేరారు. ఎక్కువమంది తెల్లవాళ్లు చదివే ప్రైవేటు బడి అది. సొంతవాళ్లే ‘ద్రోహులు’ అన్నారు. పద్నాలుగేళ్ల పిల్లలకు అది చిన్న మాటేం కాదు.

ఓటమి నేర్పిన పాఠం

2000, 2001ల్లో రాష్ట్ర ఛాంపియన్లు. రెండో ఏడు రోమియో ట్రావిస్ తోడయ్యాడు. 2002 ఫిబ్రవరిలో 17 ఏళ్ల లెబ్రాన్ బొమ్మ ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ ముఖచిత్రమైంది. బడి జిమ్ చాలక మ్యాచ్‌లు విశ్వవిద్యాలయం ఎరీనాకు మారాయి. ఆ హడావుడిలోనే మార్చిలో ఫైనల్! రోజర్ బేకన్ స్కూలు చేతిలో 66-71 తేడాతో ఓడిపోయారు. మరుసటి ఏడాది ఆల్టర్ స్కూలుమీద 40-36తో గెలిచి కిరీటం తిరిగి తెచ్చుకున్నారు. నాలుగేళ్లలో 101 విజయాలు, 6 ఓటములు.

తర్వాత లెబ్రాన్ ఇచ్చిన పది లక్షల డాలర్లతో బాగుచేసిన జిమ్‌కి 2013లో అతని పేరు పెట్టారు.

మరి డ్రూ? 2024లో డ్యూకేన్ విశ్వవిద్యాలయం కోచ్‌గా డాంబ్రోట్ పదవీ విరమణ చేస్తే ఆ స్థానంలోకి వచ్చింది... అప్పటి ఆ పొట్టి కుర్రాడే!