కొంగ జపం చూసొద్దామా!

పంజాగుట్ట చౌరస్తాలో ఎప్పుడు చూసినా హారన్ల మోతే. అక్కడి నుంచి బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డు పట్టుకుంటే కాసేపట్లోనే జలగం వెంగళరావు పార్కు. 1973 నుంచి 1978 వరకు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న నాయకుడి పేరిది. ఇక్కడికి నడకకు వచ్చేవారే ఎక్కువ. కొలను దగ్గర ఓ పది నిమిషాలు ఆగితే మాత్రం కొంగల లోకం కనిపిస్తుంది.

మట్టిరంగులో కలిసిపోయి, కదలకుండా ఉండేది గుడ్డికొంగ. నిజానికి దాని చూపు మహా చురుకు! మనిషి బాగా దగ్గరికొచ్చేదాకా ఎగరదు కాబట్టే ఆ పేరు. ఎగిరిందా... తెల్లటి రెక్కలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. వానాకాలంలో గూడు కట్టే వేళకు వీపు ముదురు ఎరుపుకు మారుతుంది. పొద్దుగూకితే వంతు రాత్రి కొంగలది. పగలంతా కొమ్మల్లో కునికే ఈ ఎర్రకళ్ల పక్షులు అప్పుడు వేటకు బయల్దేరతాయి.

చేపలు, కప్పలు, పురుగులే వీటి తిండి. పాప్‌కార్న్ విసరడం మేలు కాదు, కీడే. కొంగ కాళ్లు మునిగేంత లోతు నీళ్లలోనే వేటాడుతుంది. అందుకే చెరువు ఏదైనా సరే, అందం కోసం చుట్టూ నిలువు గోడ కట్టేస్తే దానికి నిలబడే చోటుండదు. నీళ్లు మిగిలినా కొంగ మిగలదు. ఒడ్డుంటేనే జపం!